బ్లెస్‌బాక్: హైవెల్డ్ గడ్డిమైదానాల జింక, దాని జీవనం, దాని వేట

శశిధర్_ప్రిటోరియా

అందరికీ నమస్కారం. దక్షిణాఫ్రికా జంతువులంటే మనవాళ్లు సింహం, ఏనుగు, ఖడ్గమృగం దగ్గరే ఆగిపోతారు. ప్రిటోరియా, జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు తరచుగా కనిపించే అడవి జంతువు మాత్రం బ్లెస్‌బాక్. ఊరి అంచున ఉన్న రీట్‌వ్లై అభయారణ్యానికి వెళ్తే మందలు మందలుగా మేస్తుంటాయి. ముదురు గోధుమరంగు ఒళ్లు, ముఖం మీద తెల్లటి పట్టె, వెనక్కి వంగి కొసల దగ్గర మళ్లీ పైకి లేచే కొమ్ములు. ఇంత దగ్గరగా ఉన్న జంతువు గురించి తెలుగులో ఎక్కడా సరైన సమాచారం లేదని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు. మొదటిది దీని జీవన విధానం. రెండోది వేట. మే నుంచి ఆగస్టు వరకు చలికాలంలో నా సహోద్యోగుల్లో సగం మంది పొలాలకు వేటకు వెళ్తారు. "మేం వేటాడబట్టే ఇవి బతికి ఉన్నాయి" అంటారు. మొదటిసారి విన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు అందులో ఎంత నిజముందో నిదానంగా తెలుసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు రాయండి.

డా_సుహాసిని_పశువైద్యం (బ్లూమ్‌ఫౌంటైన్)

మంచి చర్చ మొదలుపెట్టారు శశిధర్ గారు. వేట సంగతి తర్వాత, ముందు జంతువు గురించి చెప్తాను.

బ్లెస్‌బాక్ గడ్డి మేసే జీవి. ఆకులు, పొదల జోలికి పెద్దగా వెళ్లదు. హైవెల్డ్‌లో, అంటే దక్షిణాఫ్రికా ఎత్తు పీఠభూమి మీది గడ్డిమైదానాల్లో, ఎర్రగడ్డి అని పిలిచే గడ్డి దీనికి ఇష్టమైన మేత. గడ్డి కాలిపోయిన చోట కొత్త చిగురు వేస్తే మంద మొత్తం అక్కడికే చేరుతుంది. రోజూ నీళ్లు కావాలి, అందుకే నీటికి మరీ దూరంగా ఉండదు. మగది సుమారు 70 కిలోలు తూగుతుంది, ఆడది అంతకంటే కాస్త తక్కువ. ఆడ, మగ రెండింటికీ కొమ్ములుంటాయి. మగదాని కొమ్ములు మొదళ్ల దగ్గర లావుగా ఉంటాయి, ఆడదానివి సన్నగా ఉంటాయి. దూరం నుంచి తేడా పట్టుకోవడం కష్టం.

మార్చి నుంచి మే వరకు ఎదకాలం. అప్పుడు మగవి ఒక్కొక్కటి కొంత జాగాను తమదిగా చేసుకుంటాయి. ఒకేచోట పెంట వేసి, ఆ పెంటకుప్ప మీదే నిలబడి, పడుకుని, ఆ జాగా తమదని చాటుతాయి. కంటి ముందున్న గ్రంథి నుంచి వచ్చే జిగురును గడ్డిపోచలకు రుద్దుతాయి, ఆ పోచలతో నుదుటిని, కొమ్ములను రాసుకుంటాయి. పొరుగు మగది హద్దు దగ్గరికొస్తే చాలావరకు తల ఊపుళ్లు, బెదిరింపులతోనే సరిపోతుంది. కొమ్ములు కలిపి పోరాడటం తక్కువ.

చూడి కాలం దాదాపు 8 నెలలు. వానలు పడి గడ్డి బాగా ఉన్న నవంబర్, డిసెంబర్, జనవరి నెలల్లో ఈనుతాయి. ఈతకు ఒక్కటే పిల్ల. ఆ పిల్ల లేత గోధుమరంగులో ఉంటుంది. పుట్టిన కాసేపటికే లేచి తల్లి వెంట నడుస్తుంది.

ఎండలో వీటి తీరు గమనించారా? మధ్యాహ్నం పూట మంద మొత్తం సూర్యుడి వైపు ముఖాలు పెట్టి, తలలు కిందికి వంచి కదలకుండా నిలబడుతుంది. నీడ లేని మైదానంలో ఎండ తగిలే ఒళ్లు తగ్గించుకోవడానికే ఇలా చేస్తాయని అనుకుంటారు. ఎన్నేళ్లుగా చూస్తున్నా ఆ దృశ్యం దగ్గర నేను బండి ఆపుతాను.

రోళ్లపాడు_రైతుబిడ్డ (నంద్యాల జిల్లా)

డాక్టరమ్మ గారూ, పిల్ల పుట్టగానే తల్లి వెంట నడుస్తుందన్నారు కదా, అది చదివి ఆశ్చర్యపోయాను. మా దగ్గర కృష్ణజింక పిల్లను మొదటి రోజుల్లో తల్లి గడ్డిలో దాచిపెట్టి మేతకు పోతుంది. పక్కన నడుచుకుంటూ వెళ్లినా పిల్ల కదలదు. కుక్కలు పసిగడితే మాత్రం దాని పని అయిపోయినట్టే. బ్లెస్‌బాక్ పిల్లలకు దాక్కునే అలవాటే లేదా?

ఇంకో మాట. మా కృష్ణజింకల్లో మామూలుగా కొమ్ములు మగదానికే.

డా_సుహాసిని_పశువైద్యం

లేదు తమ్ముడూ. మేం జింక జాతుల పిల్లలను రెండు రకాలుగా చూస్తాం, దాక్కునేవి, వెంట నడిచేవి. బ్లెస్‌బాక్ రెండో రకం. దీని దగ్గరి బంధువులు వైల్డ్‌బీస్ట్, టోపీ, సెసెబీ అనే ఆఫ్రికా జింకలు. వీటిలో వైల్డ్‌బీస్ట్ పిల్ల కూడా పుట్టగానే మందతో పరిగెత్తేదే. మంద పెద్దదిగా ఉండి, అందరూ దాదాపు ఒకే సమయంలో ఈనితే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఇప్పుడు పొలాల్లో పిల్లలకు పెద్ద ముప్పు నక్కలతో. ఒకప్పుడు సింహాలు, చీతాలు, ఆఫ్రికా అడవికుక్కలు, హైనాలు అన్నీ ఈ మైదానాల్లో ఉండేవి.

చరిత్రప్రియుడు (హైదరాబాద్)

ఈ మైదానాలు ఒకప్పుడు ఎలా ఉండేవో కొంచెం రాస్తాను. దీనికి మన దేశంతో ఒక సంబంధం ఉంది.

1836లో విలియం కార్న్‌వాలిస్ హ్యారిస్ అనే సైనిక ఇంజనీరు బొంబాయి సైన్యం నుంచి ఆరోగ్యం బాగాలేక సెలవు మీద దక్షిణాఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ప్రాంతానికి వెళ్లాడు. అక్కడి నుంచి ఎడ్లబండ్లతో లోపలికి, ఇప్పటి ఫ్రీ స్టేట్, మగాలీస్‌బర్గ్ కొండల వరకు ప్రయాణించాడు. వేటగాడే, మంచి చిత్రకారుడు కూడా. ఆయన రాతల్లో, బొమ్మల్లో మైదానం నిండా జంతువులు కనిపిస్తాయి. బ్లెస్‌బాక్ మందలు, నల్ల వైల్డ్‌బీస్ట్, క్వాగాలు (ఒక రకం జీబ్రా) అన్నీ కలిసి మేసేవి. సేబుల్ జింకను బయటి ప్రపంచానికి మొదట తెలియజేసింది ఆయనే.

తర్వాతి యాభై ఏళ్లలో అదంతా కరిగిపోయింది. తోళ్ల వ్యాపారం ప్రధాన కారణం. బండ్ల కొద్దీ తోళ్లు రేవులకు వెళ్లేవి, మాంసం చాలావరకు మైదానంలోనే కుళ్లిపోయేది. 1860 ఆగస్టులో విక్టోరియా రాణి కొడుకు, పదహారేళ్ల ఆల్ఫ్రెడ్ రాకుమారుడి కోసం బ్లూమ్‌ఫౌంటైన్ దగ్గర ఒక వేట ఏర్పాటు చేశారు. వెయ్యి మంది దాకా బరొలాంగ్ అనే స్థానిక తెగ మనుషులు వలయం కట్టి జంతువులను ఒకచోటికి తోలారు. వేల జంతువులు చిక్కుకున్నాయి. చచ్చినవి ఎన్ని అన్నదాని మీద లెక్కలు రకరకాలు. వందలన్నవాళ్లున్నారు, వేలన్నవాళ్లున్నారు. పరుగెత్తడానికి చోటు లేకుండా చేసి కాల్చడాన్ని వేట అని పిలవడానికి నాకు నోరు రాదు.

క్వాగా మిగల్లేదు. 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాలలో చివరిది చచ్చిపోయింది. బ్లెస్‌బాక్, నల్ల వైల్డ్‌బీస్ట్ మాత్రం కొందరు బోయర్ (డచ్చి సంతతి) రైతులు తమ పొలాల్లో కాల్చొద్దని ఆపబట్టి కొద్ది సంఖ్యలో మిగిలాయి. ఈ రోజు మీరు చూసే మందలన్నీ ఆ మిగిలినవాటి సంతానమే.

నాయుడు_మారిట్జ్‌బర్గ్

నమస్తే అండీ. మా ముత్తాత గారు చెరకు తోటల పనికి నటాల్ వచ్చారు, మేము ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లం. తెలుగు మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకోండి. నేను ఏటా మాంసం కోసం వేటాడతాను. ఇక్కడ ఇది ఎలా నడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్తాను.

ఇక్కడి వేటలో రెండు రకాల మనుషులున్నారు. ఒకరు విదేశాల నుంచి కొమ్ముల కోసం వచ్చేవాళ్లు. వాళ్ల పక్కన లైసెన్సు ఉన్న ప్రొఫెషనల్ హంటర్ తప్పనిసరి. రెండోవాళ్లు నాలాంటి స్థానికులు, బిల్టాంగ్ కోసం వెళ్లేవాళ్లు. మా సంఖ్యే చాలా ఎక్కువ. మాంసాన్ని పొడవాటి ముక్కలు కోసి, వెనిగర్, ఉప్పు, మిరియాలు, దంచిన ధనియాలు పట్టించి గాలికి వేలాడదీస్తే బిల్టాంగ్. మా ఇంట్లో కొంత మాంసం కూర కోసం ఉంచుతాం. కొవ్వు దాదాపు ఉండదు, సన్నటి మంట మీద గంటల తరబడి ఉడకాలి.

బ్లెస్‌బాక్ వేట కొత్తవాళ్లకు తేలిక అంటారు. నేను ఒప్పుకోను. మైదానంలో చెట్టూ పుట్టా ఉండదు. మంద మనల్ని చాలా దూరం నుంచే చూస్తుంది. 150, 200 మీటర్ల దూరం నుంచి, మూడు కర్రల స్టాండు మీద తుపాకి ఆనించి కాల్చాల్సి వస్తుంది. గాలి అడ్డంగా కొడుతుంటే తూటా పక్కకు పోతుంది. మంద కదలడం మొదలుపెడితే ఒకదాని వెనక ఒకటి పోతాయి, ఒక జింక వెనక ఇంకొకటి ఉందేమో చూసుకోకపోతే రెండింటికీ తగులుతుంది. కొంత దూరం పరుగెత్తాక ఆగి వెనక్కి తిరిగి చూసే అలవాటు వీటికుంది. ఓపికున్నవాడు ఆ క్షణం కోసం ఆగుతాడు. పరుగెత్తేదాని మీద కాల్చడం మా గుంపులో నిషేధం. గాయపడి పారిపోయిన జంతువును వెతకకుండా ఎవరైనా ఇంటికొస్తే వాళ్లను మళ్లీ పిలవం.

కంచెల సంగతి కూడా చెప్పాలి. కుడూ, ఇంపాలా జింకలు ఎత్తు కంచెలనూ దూకేస్తాయి. బ్లెస్‌బాక్ దూకదు, ఆవుల కోసం వేసే మామూలు కంచె చాలు. కింద సందుంటే దూరిపోతుంది గానీ పైనుంచి పోదు. అందుకే ప్రతి చిన్న రైతు కూడా వీటిని పెంచగలిగాడు.

మాలతి_కె

నాయుడు గారూ, మీరు నిజాయితీగా రాశారు, గౌరవం ఉంది. కానీ నా ప్రశ్న వేరు. కంచె లోపల ఉన్నది, యజమాని ఉన్నది, ధర కట్టి అమ్మేది అయితే అది అడవి జంతువు ఎలా అవుతుంది? మేకల మందకూ దానికీ తేడా ఏముంది?

శశిధర్_ప్రిటోరియా

నా సహోద్యోగుల మాట వెనక ఉన్నది ఈ ప్రశ్నే అనుకుంటున్నాను. చట్టం సంగతి ఎవరికైనా తెలుసా?

చరిత్రప్రియుడు

అసలు మలుపు అక్కడే ఉంది. పాత రోమన్ డచ్ న్యాయం ప్రకారం అడవి జంతువుకు యజమాని లేడు, పట్టుకున్నవాడిదే అది. కంచె తెంచుకుని పొరుగు పొలంలోకి పోతే హక్కు పోయినట్టే. 1991లో వచ్చిన గేమ్ థెఫ్ట్ చట్టం దీన్ని మార్చింది. సరైన కంచె వేసి, ధ్రువపత్రం తీసుకున్న భూమిలోని జంతువులు తప్పించుకుపోయినా వాటి మీద హక్కు యజమానికే ఉంటుంది. దాంతో ఆవులు, గొర్రెలు పెంచే రైతులు చాలామంది జంతువుల వైపు మళ్లారు. మన దగ్గర పూర్తిగా వేరు. 1972 వన్యప్రాణి చట్టం వేటను మూసేసింది, అడవి జంతువు ప్రైవేటు ఆస్తి కాలేదు.

రోళ్లపాడు_రైతుబిడ్డ

అన్నలూ, ఇక్కడ నాకు చాలా చెప్పాలని ఉంది. మా రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కోసం పెట్టారు. పిట్ట దాదాపు కనుమరుగైంది. కృష్ణజింకలు మాత్రం బాగా పెరిగాయి. రాత్రిపూట శనగ చేలల్లో, జొన్న చేలల్లో పడి మేస్తాయి. మా నాన్న చలికాలమంతా చేలో మంచె మీదే పడుకుంటారు. జింక మా రాష్ట్ర జంతువు, చూస్తే కళ్లు నిండిపోతాయి, చంపాలని మాలో ఎవరికీ లేదు. కానీ పంట పోయిన రైతుకు ఆ జింక వల్ల రూపాయి వచ్చే దారి లేదు. నష్టపరిహారం కోసం తిరిగి తిరిగి విసుగొస్తుంది. దక్షిణాఫ్రికా రైతుకు తన పొలంలో జింక ఉంటే లాభం. మాకు ఉంటే నష్టం. ఈ ఒక్క తేడా మిగతా అన్నింటినీ మార్చేస్తుందని నాకు అనిపిస్తోంది.

మాలతి_కె

తమ్ముడూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మన దగ్గర తుపాకులకు అనుమతిస్తే జింకలు ఆ తోళ్ల వ్యాపారం రోజుల్లాగే పోతాయని నా భయం. పంట నష్టానికి వేగంగా డబ్బు ఇవ్వడం, గట్టి కంచెలకు సాయం చేయడం వేరే దారులు.

డా_సుహాసిని_పశువైద్యం

మాలతి గారు అడిగినదానికి పశువైద్యురాలిగా నా మాట.

కంచె లోపల సింహం లేదు, చీతా లేదు. ఎదిగిన ఆడవి దాదాపు అన్నీ ఏటా ఒక్కో పిల్లను ఈనుతాయి. ఆ భూమి ఎంత మేత ఇవ్వగలదో అంతకంటే మంద పెరిగితే ఎర్రగడ్డి పోయి పనికిరాని గడ్డి వస్తుంది, చలికాలం చివర్లో బక్కచిక్కిన జంతువులను నేను చేతులతో ఎత్తాను. కాబట్టి ఎవరో ఒకరు సంఖ్య తగ్గించాలి. వేటగాళ్లు కాల్చాలి, లేదా రాత్రిపూట లైటు వేసి తలకు గురిపెట్టి మాంసం కోసం కల్లింగ్ చేయాలి, అంటే ఎంచి చంపాలి, లేదా పట్టి అమ్మాలి. పట్టడంలోనూ జంతువులు చనిపోతాయి. బాధ లేని దారి నాకు ఇంతవరకు కనిపించలేదు. వేటాడే జంతువులను తిరిగి తేవడం చాలా మంచి దారి, కానీ పెద్ద భూములకే కుదురుతుంది. మౌంటెన్ జీబ్రా జాతీయ పార్కులో 2007లో చీతాలను, 2013లో సింహాలను వదిలారు. 2023లో మన దేశంలోని కూనో జాతీయ పార్కుకు వచ్చిన 12 చీతాలు కూడా ఈ దేశంలోని కంచె వేసిన రిజర్వుల నుంచి వచ్చినవే. చిన్న పొలంలో మాత్రం ఇది అయ్యే పని కాదు.

ఇక "అడవి జంతువేనా" అన్నది. నా ఆందోళన కూడా అక్కడే. వేట కంటే పెంపకం నన్ను ఎక్కువ భయపెడుతోంది. తెల్ల బ్లెస్‌బాక్, పసుపు రంగుది, రాగి రంగుది అని రంగుల కోసం దగ్గరి బంధువుల మధ్య జత కట్టించారు. కొన్నేళ్లు వాటికి ధరలు ఆకాశాన్నంటాయి, తర్వాత పడిపోయాయి. మైదానంలో ఎండకు, చీతాకు తట్టుకోవడానికి తయారైన ఒళ్లును అమ్మకాల కేటలాగు కోసం మార్చడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వేటగాడు ఒక జింకను తీసుకుంటాడు, ఈ పని మంద రక్తాన్నే మారుస్తుంది.

చరిత్రప్రియుడు

రక్తం మాట వచ్చింది కాబట్టి బాంటెబాక్ సంగతి చెప్పకుండా ఉండలేను. నిజానికి ఇది విడిగా ఒక చర్చ కావాలి.

బ్లెస్‌బాక్, బాంటెబాక్ ఒకే జాతిలోని రెండు ఉపజాతులు. బ్లెస్‌బాక్ ఎత్తు మీది హైవెల్డ్‌ది. బాంటెబాక్ కేప్ దక్షిణ తీరంలోని ఇరుకైన మైదానానిది. మధ్యలో కరూ అనే ఎండు ప్రాంతం అడ్డుగా ఉండి రెండూ కలవలేదు. బాంటెబాక్ ఇంకా అందమైనది. ఊదా మెరుపు ఒళ్లు, పిరుదుల మీద, కాళ్ల మీద తెల్లదనం, ముఖం మీది పట్టె తెగకుండా ఉంటుంది. బ్లెస్‌బాక్ పట్టెను కళ్ల మధ్య ఒక గోధుమ గీత అడ్డంగా కోస్తుంది.

అదే తీరంలో ఉండే నీలిజింక 1800 ప్రాంతానికే అంతరించింది. బాంటెబాక్ కూడా ఆ దారిలోనే ఉండగా బ్రెడాస్‌డార్ప్ దగ్గర వాన్ డెర్ బైల్ కుటుంబం, ఇంకొందరు రైతులు 19వ శతాబ్దంలోనే తమ భూముల్లో వేట ఆపి కాపాడారు. 1931లో 17 జంతువులతో బాంటెబాక్ జాతీయ పార్కు పెట్టారు. ఆ చోటు వాటికి పడలేదు. మేతలో ఖనిజ లోపం, పురుగుల బెడద. 1960 ప్రాంతంలో స్వెల్లెండామ్ దగ్గర బ్రీడే నది ఒడ్డుకు పార్కును మార్చారు. ఇప్పుడు దేశం మొత్తం మీద కొన్ని వేలు ఉన్నాయి.

నాయుడు_మారిట్జ్‌బర్గ్

చరిత్రప్రియుడు గారు రాయనిది ఒకటి కలుపుతాను. రైతులు వేట కోసం బ్లెస్‌బాక్‌లను కేప్‌కు, బాంటెబాక్‌లను ఉత్తరాదికి తీసుకెళ్లారు. రెండింటినీ ఒకే పొలంలో వదిలితే కలుస్తాయి, వాటి సంకర పిల్లలకు మళ్లీ పిల్లలు పుడతాయి. రెండు మూడు తరాలు పోతే కంటితో చూసి చెప్పలేం. అందుకే ఇప్పుడు బాంటెబాక్ కొనాలన్నా, అమ్మాలన్నా జన్యు పరీక్ష అడుగుతారు. అమెరికా వేటగాళ్లు బాంటెబాక్ కొమ్ములు ఇంటికి తీసుకెళ్లాలంటే వాళ్ల ప్రభుత్వం నుంచి విడిగా అనుమతి కావాలి, అక్కడ అది అంతరించిపోయే జంతువుల జాబితాలో ఉంది.

మా వేటగాళ్లకు ఇక్కడ బాధ్యత ఉందని నేను నమ్ముతాను. సంకరం ఉందని అనుమానం ఉన్న పొలంలో నేను డబ్బు ఖర్చుపెట్టను. మిత్రులకూ అదే చెప్తాను. డబ్బు ఎటు పోతే రైతు అటు పోతాడు.

మాలతి_కె

ఇది చదివాక నా అభిప్రాయం కొంత కదిలింది, పూర్తిగా మారలేదు. 1900 నాటికి పోవాల్సిన జంతువు రైతుల పొలాల్లో మిగిలిందన్నది నేను ఒప్పుకుంటాను. కానీ మైదానం సంగతేమిటి? హైవెల్డ్ గడ్డి మైదానాల్లో చాలా భాగం మొక్కజొన్న పొలాలుగా, బొగ్గు గనులుగా పోయింది. రక్షణలో ఉన్నది చాలా తక్కువ. బ్లెస్‌బాక్ సంఖ్య బాగుందని చూపించి, దాని నేల పోతున్నా పట్టించుకోకపోతే ఎలా? ఈ మందలు ఒకప్పుడు మేత వెంట స్వేచ్ఛగా తిరిగేవి. ఇప్పుడు ప్రతిదీ ఒక చదరంలో పుట్టి అదే చదరంలో చనిపోతుంది.

నాయుడు_మారిట్జ్‌బర్గ్

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదమ్మా. ఒక్కటి చెప్పగలను. జంతువుల మీద ఆదాయం వచ్చే పొలంలో గడ్డి దున్నకుండా మిగులుతుంది. ఆ ఆదాయం పోతే పక్క పొలంలో ఏముందో అదే అక్కడా వస్తుంది, మొక్కజొన్న.

డా_సుహాసిని_పశువైద్యం

పక్కపక్క పొలాలవాళ్లు మధ్య కంచెలు తీసేసి భూములను కలిపి నడిపే పద్ధతి ఇక్కడ ఉంది, కన్సర్వెన్సీ అంటారు. మాలతి గారు చెప్పిన చదరాలు కొంచెమైనా పెద్దవి కావడానికి నాకు తెలిసిన మార్గం అదొక్కటే. కానీ పది మంది రైతులు ఎవరి జింక ఎవరిది అన్నదాని మీద ఒప్పందానికి రావడానికే ఏళ్లు పడుతుంది.

రోళ్లపాడు_రైతుబిడ్డ

డాక్టరమ్మా, ఆ కలిపి నడిపే పద్ధతి గురించి ఇంకొంచెం రాయండి. వేట లేకుండా, చూడటానికి వచ్చేవాళ్ల డబ్బుతో అలాంటిది నడిచిన చోటు ఏదైనా ఉందా? మా దగ్గర నాలుగైదు ఊళ్ల మధ్య బీళ్లు ఉన్నాయి. మా సర్పంచ్ గారితో మాట్లాడాలనుకుంటున్నాను.

శశిధర్_ప్రిటోరియా

తమ్ముడూ, దానికి విడిగా ఒక చర్చ తెరుస్తాను, పేరు నువ్వే పెట్టు. డాక్టర్ గారూ, నాయుడు గారూ అక్కడ రాయాలి. ఇక్కడ ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది. బాంటెబాక్ పార్కుకు కుటుంబంతో వెళ్లాలనుకుంటున్నాం, జింక పిల్లలను చూడాలంటే డిసెంబరే మంచిదా?

డా_సుహాసిని_పశువైద్యం

కాదండీ, బాంటెబాక్ ముందే ఈనుతుంది. కేప్‌లో వానలు చలికాలంలో పడతాయి కదా, వసంతంలో గడ్డి బాగుంటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లో వెళ్లండి. అప్పుడు పూలు కూడా ఉంటాయి. బండి దిగకుండా, ఇంజన్ ఆపి కూర్చోండి. తల్లులు కాసేపటికి అలవాటుపడి పిల్లలతో దగ్గరికే మేసుకుంటూ వస్తాయి.